నల్లగొండ పిల్లల మోకాళ్లు: నీళ్లు, తిండి, కదలిక

మెడ పట్టేయడం, నడుము వంగకపోవడం, కీళ్లలో సలుపు. ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. వాతమనుకుని కాపడాలతో సరిపెట్టుకోవడం తేలిక. నల్లగొండ ఈ జబ్బుకు మారుపేరైంది. అయితే ఈ జబ్బు పిల్లల ఎముకలనూ వంచగలదని వైద్యలోకం గట్టిగా పట్టించుకోవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి, తాగే నీటిలోని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టింది. 1940లో పండిట్ బృందం పిల్లల పళ్ల మీది మచ్చల్నీ, పెద్దల ఎముకల వైకల్యాన్నీ కలిపి పరిశీలించింది. పిల్లలకు పళ్లు, పెద్దలకు ఎముకలు అన్నదే అప్పటి లెక్క. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఆ ఏడాదే జిల్లాలో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి. కొన్నేళ్లకే ఆ ప్రాంతంలో ఫ్లోరోసిస్ కొత్త లక్షణం బయటపడింది. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు ఎడంగా పడేవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో దీన్ని వివరించారు.

నీళ్లలో ఫ్లోరైడ్ పాతదే కదా, మోకాళ్లు ఇప్పుడే ఎందుకు వంగాయి? జవాబు కోసం ఆ సంస్థ కంచంలోకి చూసింది. జలాశయం ఊటతో భూగర్భజలం పైకొచ్చి నేలలో క్షారం పెరిగిందనీ, దాంతో జొన్నగింజలోకి మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా చేరిందనీ వాళ్ల వాదన. మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తింటే మూత్రంలో రాగి ఎక్కువగా పోతుందని దేవస్థలే, గోపాలన్ 1974లో చూపారు. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ గట్టిపడాలంటే రాగి కావాలి. జొన్నే ముఖ్యాహారమైన పేదింటి పిల్లలకు ఒకవైపు ఫ్లోరైడ్, మరోవైపు రాగి లోటు అన్నమాట.

నీటికి విరుగుడూ ఈ జిల్లా పేరుతోనే వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించింది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ శుద్ధి చేసిన నదీజలాన్ని ఊళ్లకు తెస్తోంది.

నీళ్లు మారాక చూపూ మారాలి; పిల్లల మోకాలి బాధంతా ఫ్లోరోసిస్ కాదు. పిల్లవాడి మోకాలు వాచి ఆరువారాలు దాటితే నీళ్లను తిట్టుకుంటూ కూర్చోకుండా బాల్య ఆర్థరైటిస్ ఉందేమో చూపించుకోవాలి. అది రోగనిరోధక వ్యవస్థ తెచ్చే జబ్బు. వాపు వల్లా, కదలకపోవడం వల్లా కండ తరుగుతుంది, దమ్ము తగ్గుతుంది. పడక విశ్రాంతి, కట్లు అన్న పాత పద్ధతి వెనక్కి పోయింది. 2007లో కెనడా పరిశోధకులు ఆర్థరైటిస్ ఉన్న పిల్లల్లో 12 వారాల వ్యాయామాన్ని పరీక్షిస్తే, చెమటపట్టే వ్యాయామం చేసినవాళ్లూ, చీగాంగ్ అనే నిదానమైన చైనా వ్యాయామం చేసినవాళ్లూ పనుల్లో మెరుగుపడ్డారు. ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకను వ్యాయామం నిటారు చేయజాలదు. ఆర్థరైటిస్ బిడ్డకు మాత్రం మందుతో పాటు ఆటా అవసరమే. అందుకే ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి.