చాయ్ హోటల్లో దేశభక్తి పరీక్ష

చరిత్ర అంటే కోటలు, యుద్ధాలు, నవాబులు అని బడిలో నేర్పారు. ఆ చరిత్రలో ముస్లిం ఎప్పుడూ గుర్రం మీదే కనిపిస్తాడు, చేతిలో కత్తితో. చాయ్ హోటల్ బల్ల ముందు కూర్చుని రేడియోలో స్కోరు వింటున్న ముస్లిం అందులో ఎక్కడా లేడు. మేం చెప్పదలుచుకున్నది ఆ మనిషి గురించే. నవాబులతో మాకు చుట్టరికం లేదు. మేం సాంచాల చప్పుడు మధ్య, బీడీ ఆకుల మధ్య పుట్టి పెరిగినవాళ్లం.

మాది ముస్తాబాద్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. ఊరి పేరు చివరనున్న 'ఆబాద్' ఫార్సీ మాట. జనంతో కళకళలాడే చోటని అర్థం. ఆ మాట ఊళ్లో అందరి నోటా రోజూ పలుకుతుంది. అది ఎవరి భాష అని ఎవరూ అడగరు. చాయ్ సంగతీ అంతే. కోస్తావాళ్లకు కాఫీ, మాకు చాయ్. సిరిసిల్లలో రాత్రి షిఫ్టు నడిపే నేత కార్మికుడికి నిద్ర ఆపేది ఆ చాయే.

కాఫీ కూడా మాకు పరాయిదేం కాదు. ఇప్పుడు దాన్ని అగ్రహారాల మర్యాదగా చెప్పుకుంటారు గానీ, పదిహేడో శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటింది బాబా బుడన్ అనే సూఫీ ఫకీరని జనం చెప్పుకునే కథ. ఆ కొండలు నేటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. హైదరాబాద్‌కు ఇరానీ చాయ్ తెచ్చినవాళ్లు బొంబాయి, పుణె మీదుగా బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన ఇరానీలు. ముస్లింలూ పార్సీ మతస్థులూ కూడా వాళ్లలో ఉన్నారు. ఈ రుచులు మనకు తెచ్చిచ్చినవాళ్లు కత్తి పట్టినవాళ్లు కారు, మూట పట్టినవాళ్లు.

పల్లె హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, పట్నం ఇరానీ హోటల్లో పైసలిచ్చిన వాడికల్లా ఒకే రకం కప్పు. కులం అడగకుండా పక్కన కూర్చోనిచ్చిన బల్ల అది. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, కమ్యూనిస్టులు, ఆటగాళ్లు గంటల తరబడి కూర్చునేవారు. అయితే ఆ బల్ల దగ్గర ఆడవాళ్లకు చోటు లేకపోయింది. గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆ లోటు కూడా చెప్పుకోవాలి.

చాయ్‌తో పాటు ఆ బల్లల మీద నలిగిన మాట ఆట. ముందు ఫుట్‌బాల్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక స్కూలు టీచర్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్లో స్టేడియం మొత్తం మన జట్టును గేలి చేస్తుంటే, చప్పట్లు కొట్టినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి మనవాళ్లు చెప్పుకున్నారు. మనం దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో చనిపోయారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఈ దేశంలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

తర్వాత క్రికెట్. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో, హైదరాబాద్ తొలి టెస్టు చూసింది. ఆ రోజు న్యూజిలాండ్ మీద భారత జట్టుకు కెప్టెన్ మన గులాం అహ్మద్. ఆయన మేనల్లుడి వరస ఆసిఫ్ ఇక్బాల్. హైదరాబాద్‌లోనే పుట్టి, ఇక్కడే రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1979లో ఆ దేశపు కెప్టెన్‌గా ఇక్కడికే ఆడటానికి వచ్చాడు. ఒకే కుటుంబం, రెండు దేశాల కెప్టెన్లు. విభజన మా ఇళ్ల మధ్య నుంచి ఎలా పోయిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆసిఫ్ వెళ్లాడు, గులాం అహ్మద్ ఉండిపోయారు. మా తాతలూ ఉండిపోయారు. ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

ఉండిపోయినవాళ్లకు ఎదురైంది అబ్బాస్ అలీ బేగ్ కథ. ఈ హైదరాబాద్ కుర్రాడు 1959లో మాంచెస్టర్‌లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆడిన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. దేశం నెత్తిన పెట్టుకుంది. మరుసటేడు పాకిస్తాన్ జట్టు వచ్చింది. బేగ్‌కు పరుగులు రాలేదు. కావాలనే ఆడలేదంటూ ఇంటికి విద్వేషపు ఉత్తరాలొచ్చాయి. జట్టులో చోటు పోయింది, మళ్లీ టెస్టు ఆడటానికి ఆరేళ్లు పట్టింది. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ డ్రా అయ్యాయి. గెలిచినవాడూ లేడు, ఓడినవాడూ లేడు. దోషి మాత్రం దొరికాడు.

ఆ ఉత్తరాలు బేగ్ ఇంటితో ఆగలేదు. మాటల రూపంలో మా చాయ్ హోటళ్లకూ వచ్చాయి. 1996 మార్చి 9న బెంగళూరులో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. పాకిస్తాన్‌ను ఓడించిన మన జట్టుకు కెప్టెన్ అజహరుద్దీన్, మా హైదరాబాదీ. అలాంటి రోజున కూడా "ఏం భాయ్, మీవాళ్లు ఓడిపోయిండ్రు గదా?" అన్న మాట మాలో చాలామందిమి విన్నాం. అన్నవాడు పరాయివాడు కాదు. పక్క కుర్చీలో చాయ్ పంచుకున్నవాడే, పండక్కి మా ఇంట్లో సేమ్యా తాగినవాడే. నవ్వుతూనే అంటాడు. మేమూ నవ్వాలి. నవ్వకపోతే అనుమానం, గట్టిగా నవ్వితే నటన. వసీం అక్రం బంతి బాగుందని పక్కవాడంటే అది ఆట తెలిసిన మాట. అదే మాట మేమంటే ద్రోహం. అందుకని మాలో ఎంతోమంది మ్యాచ్ రోజున హోటల్‌కు పోవడమే మానుకున్నారు. తలుపేసుకుని, సౌండు తగ్గించి టీవీ చూశారు. ఆ ఇళ్లలో ఇండియా గెలిస్తే గంతులేసిన పిల్లల సంగతి ఏ పత్రికా రాయలేదు.

మా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మనుషులు బతకడానికి దుబాయి పోతారు. అక్కడ ఫ్రిడ్జి లేని గదిలో, ఎండలో, ఒకే కష్టం చేసే పాకిస్తానీ కూలీతో కలిసి చాయ్ తాగుతారు, మ్యాచ్ చూస్తారు, వాదించుకుంటారు, తెల్లారి మళ్లీ ఒకే బస్సెక్కి పనికి పోతారు. వాదనకు అక్కడ దేశభక్తి సర్టిఫికెట్ అక్కర్లేదు. సొంత ఊరి బస్టాండులో ఎందుకు కావాల్సొస్తోంది?

కాలం మారింది, ఉత్తరం మారింది. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడగానే మహమ్మద్ షమీ మీద వేల ఫోన్లలో తిట్లు కురిశాయి. కెప్టెన్ కోహ్లీ అతని పక్కన నిలబడ్డాడు. అది చిన్న విషయం కాదు, మేం మరిచిపోం. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ అయిదు వికెట్లు తీసి ఆరు పరుగుల తేడాతో టెస్టు గెలిపించాడు. దేశమంతా సంబరం. సంతోషమే. కానీ మా పౌరసత్వానికి ప్రతిసారీ అయిదు వికెట్ల జామీను కావాలా? వికెట్లు తీయని ముస్లిం ఏం కావాలి? సాంచా నడిపేవాడు, పంచర్లు వేసేవాడు, బీడీలు చుట్టే అమ్మ?

రంజాన్ నెలలో హలీం బట్టీల ముందు మతం చూడకుండా జనం బారులు తీరతారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా వంటకు గుర్తింపు వచ్చింది. ఆ వంట చేసిన చెయ్యి అద్దె ఇంటి తలుపు తడితే మాత్రం "మీకివ్వం" అంటారు.

మేం గొప్ప చరిత్ర కావాలని అడగటం లేదు. మాకు కావలసింది మామూలుతనం. ఊరి హోటల్లో చాయ్ తాగుతూ, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ, ఇండియా ఓడితే తిట్టుకునే స్వేచ్ఛ, ఎవడు బాగా ఆడినా శభాష్ అనే స్వేచ్ఛ కావాలి. మిగతా అందరికీ అడగకుండానే దొరికినవి ఇవి. మాకెందుకు దొరకలేదో ఆలోచించాల్సింది ఆ బల్ల చుట్టూ కూర్చున్న అందరూ.