అంబాసిడర్: ఉత్తర్‌పారా నుంచి టెక్కలి దాకా

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, బడి గురించీ మాస్టార్ల గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కారు గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "మీ నాన్నగారి కారేనా?" అని అడిగారు. ఆ కారే. టెక్కలి బస్టాండు దగ్గర వేపచెట్టు నీడలో నిలబడే తెల్ల అంబాసిడర్. మా 1984 పదో తరగతి బ్యాచ్‌కి అటూ ఇటూ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు సైన్సు మాస్టారు క్లాసు మొత్తాన్ని లేవదీసి ఆ వేపచెట్టు దగ్గరికి నడిపించారు. నాన్న ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డబ్బా కింద జాకీ పెట్టి, వెనక చక్రాలు రెండూ నేల వదిలేదాకా లేపారు. బండి గేరులోనే ఉంచారు. మాస్టారు ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండో చక్రం దానంతటదే వెనక్కి తిరిగింది. మేమంతా ఒకరినొకరు తోసుకుంటూ మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాం. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్ళాలి, రెండిటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే టైర్లు రోడ్డుకి రాసుకుని అరిగిపోతాయి, అందుకే మధ్యలో డిఫరెన్షియల్ పెట్టారని మాస్టారు చెప్పారు. తర్వాత ఇంజనీరింగులో ఆ పాఠం వచ్చినప్పుడు నాకు పుస్తకం తెరవాల్సిన పని పడలేదు.

ఈ కారు అసలు మన దేశంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి తల్లి. హిందుస్తాన్ మోటార్స్‌ని బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలుపెట్టారు. 1948లో దాన్ని కలకత్తాకి ఎగువన, హుగ్లీ నది ఒడ్డునున్న ఉత్తర్‌పారాకి మార్చారు. ఆ ఒడ్డు మన జిల్లాకి కొత్త కాదు. అక్కడి జనపనార మిల్లుల్లో పనికని మన పల్లెల నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. ఆ ఫ్యాక్టరీ నుంచి హిందుస్తాన్ 10, బేబీ హిందుస్తాన్, 1954లో ల్యాండ్‌మాస్టర్ వచ్చాయి. అన్నీ మోరిస్ కార్లే, పేర్లు మాత్రం మనవి. 1957లో అంబాసిడర్ వచ్చింది. కౌలీలో ఆ మూడో సిరీస్‌ని 1959లోనే ఆపేశారు. ఇక్కడ అది 2014 దాకా నడిచింది.

అంతకాలం నడవడానికి కారణం బండి గొప్పతనం ఒక్కటే కాదు. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం కుదరదు, దేశంలోనే తయారుచెయ్యాలని 1953లో ప్రభుత్వం పట్టుబట్టడంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. మిగిలినవి అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. ఎన్ని కార్లు తయారుచెయ్యాలో కూడా లైసెన్సులో రాసి ఉండేది. కొనేవాళ్ళు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. క్యూ అంత పొడుగున్నప్పుడు కారు మార్చాలన్న తొందర ఎవరికుంటుంది?

మార్పులు అసలు లేవని కాదు. 1959లో పాత సైడ్ వాల్వ్ ఇంజను పోయి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. అది నిజమైన మార్పు. 1960ల మొదట్లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్ వచ్చాయి. వీటిలో ఎక్కువగా మారింది ముందుండే జాలీ, లైట్లు, డాష్‌బోర్డు. మన లెక్కల మాస్టారి దగ్గర మార్కులు పెరిగితే పాసయ్యేవాళ్ళం. ఇక్కడ మార్కులు పెరిగాయిగానీ బండి అదే క్లాసులో ఉండిపోయింది. డ్రైవర్లకి పనికొచ్చిన మార్పు 1980 ప్రాంతంలో వచ్చిన డీజిల్ ఇంజను. 1990ల మొదట్లో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వచ్చాయి. అప్పటికి దేశంలో వేరే కార్లు చాలా వచ్చేశాయి.

నాన్నది మార్క్ టూ. 1978లో చేతులు మారిన బండిగా కొన్నారు. నాకు తెలిసేనాటికి దానికి మార్క్ త్రీ తలుపొకటి, ఎక్కడిదో తెలియని బానెట్టు ఉన్నాయి. 1986లో అమ్మ గాజులు కుదువపెట్టి పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను వేయించారు. చప్పుడు పెరిగింది, ఇంట్లో అప్పు తీరింది. గేరు స్టీరింగు పక్కన ఉండేది కాబట్టి ముందు సీటు బెంచీలా ఒకటే. డ్రైవరు కాకుండా ముగ్గురు కూర్చునేవారు. పెళ్ళిళ్ళ సీజన్లో ముందూ వెనకా కలిపి పన్నెండుమందిని ఎక్కించుకుని కవిటి, మందస కొబ్బరితోటల్లో ఇసక దారులమ్మట వెళ్ళేది. కార్తీక మాసంలో రావివలస మల్లన్న దగ్గరికి ఎన్ని ట్రిప్పులు వేసేదో లెక్కలేదు.

ఇంజనీరింగులో చేరాక ఆ కారంటే నాకు చిన్నచూపు పట్టుకుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. నేను హాస్టల్లో ఉండగా పట్నం రోడ్ల మీద అవి సన్నగా దూసుకుపోతుంటే, సెలవులకి ఇంటికొచ్చి నాన్నతో వాదించేవాణ్ణి. "ఇంగ్లండువాడు ఎప్పుడో పారేసిన బండిని పట్టుకు తిరుగుతున్నాం" అనేవాణ్ణి. ఆయన పానా తుడుచుకుంటూ, "వాడు పారీసింది నీకు ఫీజు కట్టింది కదేటి" అనేవారు.

1997లో నేను సెలవు మీద ఇంట్లో ఉండగా రాత్రి పదకొండింటికి వజ్రపుకొత్తూరు వైపు నుంచి మనుషులొచ్చారు. కిడ్నీలు పాడైన పెద్దాయన, ఒళ్ళంతా వాపు, ఊపిరి అందడం లేదు. ఉద్దానంలో ఆ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో వచ్చింది. ఆ రోజుల్లో దారి ఒక్కటే, నూటయాభై కిలోమీటర్ల అవతల విశాఖ కేజీహెచ్. హైవే అప్పటికి రెండు లైన్లదే. వెనక సీటంతా ఆయన్ని పడుకోబెట్టి, కొడుకు కింద కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆయన భార్య నాకూ నాన్నకీ మధ్య కూర్చుంది.

శ్రీకాకుళం దాటాక ఫ్యాన్ బెల్టు తెగింది. అది తెగితే నీళ్ళ పంపు ఆగిపోతుంది, ఇంజను పది నిమిషాల్లో ఉడికిపోతుంది. డిక్కీలో వేరే బెల్టు లేదు. నాన్న సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తీసి, పొడుగ్గా కోసి, పుల్లీల చుట్టూ లాగి ముడేశారు. నేను టార్చి పట్టుకున్నాను. అప్పటికే కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, ఆ రాత్రి నా వంతు పని టార్చి పట్టుకోవడమే. నెమ్మదిగా నడుపుతూ, రెండుచోట్ల ఆగి ముడి బిగిస్తూ, తెల్లవారేసరికి కేజీహెచ్ గేటు దగ్గరికి చేరాం. పెద్దాయన మరో ఏడాదిన్నర బతికారు. నాన్న వాళ్ళ దగ్గర డీజిల్ డబ్బులే తీసుకున్నారు.

నిజం చెప్పాలంటే ఫ్యాన్ బెల్టు ఏ కారుకైనా తెగుతుంది. పాత అంబాసిడర్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళతో నాకు ఇప్పటికీ పేచీయే. సీటు బెల్టు లేదు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, అందులో పన్నెండుమంది. ఇవాళ ఎవరైనా అలాంటి డిజైన్ నా బల్ల మీద పెడితే సంతకం చెయ్యను. కానీ నలభై ఏళ్ళు పెద్దగా మారకపోవడం వల్ల ఆ బండి లోపల ఏముందో పలాస, టెక్కలి, నరసన్నపేటల్లో ప్రతి మేస్త్రీకీ తెలుసు. మెళియాపుట్టి వెళ్ళే దారిలో ఆగిపోయినా ఎవరో ఒకరు బాగుచేసేవారు. నేను డిజైన్ చేసే భాగాలు పాడైతే తీసి పారేసి కొత్తవి బిగించాల్సిందే. మరమ్మతుకి వీల్లేకుండా చేసింది మేమే, తెలిసే చేశాం. తేలిగ్గా ఉంటాయి, డీజిల్ తక్కువ తాగుతాయి, పొగ తక్కువ. ఆ లెక్క సరైనదేనని నా నమ్మకం. కాకపోతే అందులో రాత్రి పదకొండింటికి వజ్రపుకొత్తూరు నుంచి వచ్చిన మనుషులు లేరు.

తర్వాతి కథ త్వరగా అయిపోయింది. ట్రెక్కర్లు, జీపులు, ఆటోలు బేరాలు పట్టుకుపోయాయి. హైవే నాలుగు లైన్లయింది. 2006లో నేనే పోరు పెట్టి కారు అమ్మించాను. పాత ఇనుము కొనేవాడు ఇరవైరెండు వేలిచ్చాడు. బండి తోసుకుపోయే ముందు నాన్న డిక్కీ తెరిచి జాకీ ఒక్కటి తీసుకున్నారు, ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

1980ల మధ్యలో ఏడాదికి 24 వేల దాకా తయారైన అంబాసిడర్లు 2013-14 నాటికి రెండున్నర వేలకి లోపే. 2014 మే 24న ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పని ఆపేశారు. 2017లో ఆ పేరుని ఫ్రాన్స్ కంపెనీ పెజో 80 కోట్లకి కొనుక్కుంది. ఫ్యాక్టరీ మూసేశారని పేపర్లో చూసి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "మనం అంతకు ముందే మూసీసేం కదా" అన్నారు. మరుసటి ఏడాది ఆయన పోయారు. జాకీ ఇప్పుడు చెన్నైలో నా దగ్గరుంది.

చివరగా మిత్రులందరికీ ఒక మనవి. 1984లో పదో తరగతి వీడ్కోలు రోజున హెడ్మాస్టరుగారితో, సైన్సు మాస్టారితో కలిసి ఆ కారు ముందు క్లాసంతా ఫొటో దిగాం. నా కాపీ 2018 తిత్లీ తుఫానులో ఇంటి రేకులు లేచిపోయినప్పుడు తడిసి పాడైపోయింది. ఎవరి దగ్గరైనా ఆ ఫొటో ఉంటే ఉత్సవాల రోజున తీసుకురండి, అక్కడే కాపీ తీయించుకుని తిరిగిచ్చేస్తాను. ముందు వరుసలో జాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే.