గోడకి దగ్గరగా

మన పత్రికల్లో వికలాంగ కళాకారుల గురించి రాసే పద్ధతి ఒకటుంది. ‘విధిని జయించిన’ లాంటి మాటతో మొదలవుతుంది. బాధ గురించి రెండు పేరాలు, బొమ్మ గురించి రెండు వాక్యాలు. పదకొండేళ్లుగా కీళ్లవాతంతో ఉంటున్నదాన్ని. వేళ్లు వంగిన రోజు రాస్తాను, వంగని రోజు మానేస్తాను. జబ్బుని నేనేం జయించలేదు, దాంతో సర్దుకుని పని చేసుకుంటున్నాను, అంతే. అందుకే ఆ పద్ధతి చూస్తే నాకు చిరాకు. అట్లా సర్దుకుని పనిచేసినవాళ్ల కోసం వెతికితే శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ దొరికారు.

1904లో కలకత్తా దగ్గర బెహలాలో పుట్టారాయన. చిన్నప్పటి నుంచీ ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి దూరం ఆనదు. మామూలు బడి చదువు సరిగా సాగలేదు. 1919లో కళాభవన్‌లో చేరారు. ఇంత తక్కువ చూపున్న కుర్రాడు బొమ్మలేం వేస్తాడని నందలాల్ బోస్‌కి సందేహం. శ్రద్ధగా పనిచేస్తుంటే అతని దారిన అతన్ని వదిలేయమని టాగోర్ చెప్పారట.

1946-47లో హిందీ భవన్ గోడల పైభాగాన ఆయనొక పెద్ద కుడ్యచిత్రం వేశారు. రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు, వాళ్ల చుట్టూ మామూలు జనం. తడి సున్నపు పూత మీద వేసే పద్ధతి అది. ఏ రోజు పూత ఆ రోజే పూర్తవ్వాలి, ఆరిపోయాక దిద్దుకోవడం కష్టం. గోడంత నమూనా ముందే గీసుకుని దాన్ని గోడ మీదకి ఎక్కించడం మామూలుగా చేసే పని. ఆయన అది చెయ్యలేదు. చేతిలో చిన్న స్కెచ్‌లు, పక్కన శిష్యులు, ఎదురుగా ఆ రోజు ముక్క. ఆ బొమ్మకి ఒక కేంద్రం లేదు, నదిలాగా సాగుతుంది. మనమూ నడుస్తూనే చూడాలి. ఇది ఆయన చూపు వల్ల వచ్చిందా, 1937లో జపాన్ వెళ్లి చదువుకున్న చిత్రకళ వల్లా? రెండూ కలిసే ఉంటాయని నాకనిపిస్తుంది. దగ్గరగా చూడ్డం అలవాటైనవాడికి ఆ కళ ఇంకా దగ్గరైంది.

సుమారు పదేళ్లకి, కంటిశుక్లం ఆపరేషన్ వికటించి ఉన్న చూపూ పోయింది. అంధకవి సూరదాసుని ముందే గోడ మీద వేశాడు కదా, అదేదో సూచన అనడానికి నోరూరుతుంది. వద్దు. ఆపరేషన్ వికటించింది, అంతే.

1958లో శాంతినికేతన్‌కి తిరిగొచ్చి కళాచరిత్ర చెప్పారు. కాగితాలు మడిచి, కత్తిరించి, అతికించారు. మట్టితో, మైనంతో బొమ్మలు చేశారు. కుంచె గీసిన గీత వేలికి తెలీదు. కత్తిరించిన కాగితం అంచు తెలుస్తుంది. 1972లో కళాభవన్ గోడ మీద విద్యార్థుల సాయంతో పలకల కుడ్యచిత్రం పెట్టారు.

అదే ఏడాది ఆయన పాత శిష్యుడు సత్యజిత్ రాయ్ ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీశారు, ‘ది ఇన్నర్ ఐ’. సినిమా ఇష్టమే గానీ, పేరుతో నాకు పేచీ ఉంది. లోపలెక్కడో ఒక కన్ను తెరుచుకుందన్నట్టు వినిపిస్తుంది. సినిమాలో నన్ను కట్టిపడేసేది మాత్రం చేతులు. వాటికి దివ్యదృష్టి ఏమీ లేదు, యాభై ఏళ్ల అభ్యాసం ఉంది.

తన జ్ఞాపకాల్ని కూడా ఆయన చెబుతుంటే వేరేవాళ్లు రాసుకున్నారు. ‘చిత్రకర్’ పేరుతో బెంగాలీలో వచ్చింది, శిష్యుడు కె.జి. సుబ్రమణ్యన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఈసారి ఎవరైనా ‘విధిని జయించిన’ అని మొదలుపెడితే, మనం అడగాల్సినవి చిన్న ప్రశ్నలే: పనిముట్టు ఏది మార్చుకున్నారు? సాయం ఎవరు పట్టారు? రోజుకి ఎంత పని నడిచింది?