పడమటి మండలాల లెక్క

2024 జూన్ 4. నెల్లూరు శివారు కనుపర్తిపాడులో ఓట్ల లెక్కింపు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేశారు. మెడలో ఏజెంటు పాసు, చేతిలో తెల్లకాగితం, పెన్ను. ఉదయగిరి నియోజకవర్గం హాల్లో ఇనుప మెష్‌కు ఇవతల నిలబడ్డారు మీరు. పోస్టల్ బ్యాలెట్లు అయ్యాయి, ఈవీఎంలు వస్తున్నాయి.

సిబ్బంది కంట్రోల్ యూనిట్‌ను పైకెత్తి చూపిస్తారు. దాని నంబరూ 17సీ ఫారంలోని నంబరూ ఒకటేనా? ఒకటే. సీలు తీసి రిజల్ట్ బటన్ నొక్కగానే బీప్‌మంటుంది. చిన్న తెర మీద అభ్యర్థి వరస సంఖ్య, పక్కనే ఓట్లు. చదివేలోపే తర్వాతి అంకె వచ్చేస్తుంది. మెష్‌కు ముక్కు ఆనించి రాసుకుంటున్నారు. "ఏ బూత్ అబ్బాయా ఇది?" అని వెనక నుంచి ఓ పెద్దాయన భుజం తడతాడు. సీతారామపురం వైపుది. పోలింగ్ రోజు, మే 13న అక్కడి వరసలో నిలబడ్డ సగంమంది కుర్రాళ్లు రాత్రి బస్సులో బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవాళ్లేనంటాడాయన. ఊళ్లో పని లేదు, ఓటు మాత్రం ఉంది.

ఉదయగిరికి గాలికి ఎదురు నిలిచిన చరిత్ర ఉంది. 1978లో రాష్ట్రం ఇందిరా కాంగ్రెస్‌కూ, 1983లో ఎన్టీఆర్‌కూ పట్టం కడితే, ఈ ఊళ్లు రెండుసార్లూ వెంకయ్యనాయుడినే గెలిపించాయి, మొదట జనతా తరఫున, తర్వాత బీజేపీ తరఫున. ఈసారి గాలి తెలుగుదేశానిది. నెల్లూరు సిటీలో ఆ పార్టీ అభ్యర్థి నారాయణ మెజారిటీ డెబ్బై వేలు దాటింది. ఇక్కడ మాత్రం రౌండు రౌండుకూ కూడికలు, తీసివేతలు.

వైసీపీ తరఫున ఇక్కడ మేకపాటి రాజగోపాల్ రెడ్డి, ఆత్మకూరులో ఆయన అన్న కొడుకు విక్రమ్ రెడ్డి. తన అన్న, ఎమ్మెల్యే గౌతమ్ రెడ్డి కన్నుమూశాక 2022 ఉప ఎన్నికలో విక్రమ్ 82,888 ఓట్ల తేడాతో గెలిచారు. అప్పుడు తెలుగుదేశం బరిలో లేదు. రెండేళ్లు తిరిగేసరికి అదే ఆత్మకూరులో తెలుగుదేశం అభ్యర్థి ఆనం రామనారాయణ రెడ్డి చేతిలో 7,576 ఓట్లతో ఓడిపోయారు. ఉదయగిరిలో తెలుగుదేశం అభ్యర్థి కాకర్ల సురేష్ గెలుపు 9,621 ఓట్లతో.

2019లో వైసీపీకి 151 సీట్లు ఇచ్చిన రాష్ట్రం ఈసారి 11 దగ్గర ఆపేసింది: తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8. పాత నెల్లూరు జిల్లాలో పదికి పదీ వైసీపీ నుంచి తెలుగుదేశానికి మారాయి. ఈ అంకెలే చూస్తే ఉదయగిరి, ఆత్మకూరు లాంటి పడమటి మండలాలు కూడా వరదలో కొట్టుకుపోయాయనిపిస్తుంది. మీ కాగితం చూస్తే తెలుస్తుంది, ఇక్కడ ప్రతి బూత్‌లోనూ పోరు జరిగింది. ఆ ఓటర్లంటే నాకు గౌరవం.

వీవీప్యాట్ స్లిప్పుల లెక్క కూడా ముగిసింది. పెద్దాయన కండువా దులుపుకుని, గెలిచినాయన్ని ముందు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల సంగతి అడగాలంటున్నాడు. శంకుస్థాపన 1996లో జరిగింది. ఉదయగిరి పొలాలకు ఆ నీళ్లు 2024 నాటికీ రాలేదు.