దవాఖానాలో ఇన్ఫెక్షన్ ఎవరికి ప్రాణాల మీదకు తెస్తుంది?

దాదీ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరుగుతుంది. దవాఖానాలో చేరుస్తారు, ఆపరేషన్ బాగానే జరుగుతుంది. నాలుగో రోజు ఆమె సొంత కొడుకును గుర్తుపట్టదు, గదిలో లేని మనుషులతో మాట్లాడుతుంది. వయసు మీద పడింది, మత్తు ఇంకా దిగలేదేమో అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. జ్వరం కూడా లేదు కదా అనుకుంటారు. మర్నాటికి బీపీ పడిపోతుంది, ఐసీయూకి మారుస్తారు. మూత్రం గొట్టం దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని అప్పుడు తెలుస్తుంది. మనుషులు మారతారు గానీ, ఇలాంటిది పెద్ద దవాఖానాల్లో తరచూ జరిగేదే.

దవాఖానాకు పోతే ఉన్న జబ్బుకు తోడు ఇంకోటి అంటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనలాంటి మధ్య, తక్కువ ఆదాయ దేశాల్లో దవాఖానాలో చేరిన ప్రతి 100 మందిలో దాదాపు 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ వస్తోంది. సంపన్న దేశాల్లో ఆ సంఖ్య 7. అలా ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో సుమారు పది మందిలో ఒకరు చనిపోతున్నారు.

మరి ఒకే వార్డులో, ఒకే క్రిమి సోకిన ఇద్దరిలో ఒకరు వారానికల్లా ఇంటికి పోతే, ఇంకొకరు వెంటిలేటర్ మీదకు ఎందుకు పోతారు? క్రిమి బలం కొంత. అంతకన్నా ఎక్కువగా, రోగి ఒంటి పరిస్థితి ఏమిటి, ఆ ఒంట్లోకి ఎన్ని గొట్టాలు పెట్టారు, ఎంత ఆలస్యంగా గుర్తుపట్టారు అన్నవే తేలుస్తాయి. ఈ మూడింటిలో ఇంటివాళ్ల చేతిలో ఉన్నది తక్కువేం కాదు.

షుగర్ ముందు వరసలో

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల మంది అని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే అంచనా. ఒంట్లోకి చొరబడ్డ క్రిమిని పట్టి మింగేసేవి తెల్ల రక్తకణాలు. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు ఆ కణాలు క్రిమి ఉన్న చోటికి చేరడంలోనూ, దాన్ని చంపడంలోనూ మందగిస్తాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే రక్తనాళాలు కూడా పాడవుతాయి, కాబట్టి పుండు దగ్గరకు రక్తం సరిగా చేరదు, రక్తంతో పోవాల్సిన మందూ చేరదు. నరాలు మొద్దుబారితే కాలికి చీము పట్టినా నొప్పి తెలియదు.

దవాఖానాలో చేరగానే చాలామందికి మాత్రలు ఆపి ఇన్సులిన్ ఇస్తారు. ఐసీయూలో ఎక్కువమంది రోగులకు చక్కెర 140 నుంచి 180 మధ్య ఉండేలా చూస్తారు. ఇక్కడే ఇళ్లలో గొడవ మొదలవుతుంది. ఒకసారి ఇన్సులిన్ మొదలైతే జీవితాంతం పొడుచుకోవాలనే భయంతో వద్దంటారు. ఇన్ఫెక్షన్ తగ్గాక చాలామంది మళ్లీ మాత్రల మీదకు వస్తారు. ఆ భయంతో రెండు రోజులు పోగొట్టుకోవడం మాత్రం ఖరీదైన పని.

షుగర్, స్టెరాయిడ్ కలిస్తే ఏం జరుగుతుందో 2021 వేసవిలో అందరూ చూశారు. మ్యూకార్‌మైకోసిస్ తెచ్చే బూజు మట్టిలో, గాలిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజూ పీలుస్తూనే ఉంటారు, ఏమీ కాదు. కోవిడ్ రెండో అలలో మాత్రం అది ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకింది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ దవాఖానాను చికిత్సకు కేంద్రంగా చేసింది. జూలై నాటికి దేశంలో కేసులు 45 వేలు దాటాయి. వాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ వాడినవాళ్లు.

అలాగని స్టెరాయిడ్‌ను తిట్టడం సరికాదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020లోనే చెప్పింది: ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం కనిపించలేదు. మన దగ్గర వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసి, మొదటి రోజు నుంచే, ఇంట్లోనే, షుగర్ చూసుకోకుండా మింగినవాళ్లు ఎందరో. అదే మందు కొందరి ప్రాణం నిలబెట్టింది, కొందరి కన్ను తీసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కీళ్లనొప్పులకు, ఆయాసానికి అక్కడక్కడా ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం డాక్టర్లు చూస్తూనే ఉంటారు. అలాంటిదేదైనా వాడుతుంటే చేరేటప్పుడే చెప్పేయాలి, వీలైతే పొట్లం కూడా చూపించాలి. సిగ్గుపడి దాచడం, తమంతట తాము హఠాత్తుగా ఆపేయడం రెండూ ప్రమాదమే. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు.

మిగతా కారణాల్లో వయసు ఒకటి. 65 దాటినవాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గడమే కాదు, జ్వరం రావడం కూడా తగ్గుతుంది. కిడ్నీలు చెడినవాళ్లలో మెడ దగ్గర గొట్టంతో డయాలసిస్ చేయించుకునేవారికి, చేతికి ఫిస్టులా ఉన్నవారికన్నా రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. లివర్ గట్టిపడి కడుపులో నీరు చేరినవాళ్లకు ఆ నీటికే ఇన్ఫెక్షన్ వస్తుంది. క్యాన్సర్‌కు కీమో తీసుకున్నవాళ్లకు ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రయినా దవాఖానాకు పోవాల్సిందే. తలసీమియాకో, ప్రమాదం వల్లో ప్లీహం తీసేసిన పిల్లలకు న్యుమోకోకల్, మెనింజోకోకల్, హిబ్ టీకాలు పడ్డాయో లేదో చూసుకోవాలి.

గొట్టం ఎన్ని రోజులు?

చర్మం ఒంటికి గోడ. ప్రతి గొట్టం ఆ గోడలో ఒక తలుపు. మూత్రం గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలో క్రిములు చేరే ముప్పు 3 నుంచి 7 శాతం ఉంటుందని లెక్క. వారం దాటితే ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. చాలాసార్లు ఈ గొట్టం అవసరం తీరాక కూడా ఉండిపోతుంది, దానికి ఇంటివాళ్లూ కొంత కారణం. అమ్మీని మాటిమాటికీ లేపి బాత్రూంకి తీసుకుపోవడం కష్టం, ఇంకో రెండు రోజులు ఉంచండి అని వాళ్లే అడుగుతారు. గొట్టం ఉన్నన్నాళ్లూ సంచి మూత్రాశయం కన్నా కిందనే వేలాడాలి, కానీ నేలను తాకకూడదు. స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు సంచిని రోగి పొట్టమీద పెట్టడం రోజూ కనిపించే తప్పు. పాత మూత్రం వెనక్కి పారడానికి అది చాలు.

మెడలోనో, ఛాతీ దగ్గరో పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్ ఇంకా జాగ్రత్త కోరుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఐదు పనులు కచ్చితంగా చేయించారు: చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు ఒళ్లంతా శుభ్రమైన గుడ్డలతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైన్ వెంటనే తీసేయడం. లైన్ ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు దిగింది. 2006లో అచ్చయిన ఈ ఫలితంలో కొత్త మందేమీ లేదు.

అందుకే రౌండ్‌కు వచ్చిన డాక్టర్‌ను రోజూ ఒక్క మాట అడగవచ్చు: ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమా సార్? మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుపట్టడు.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, డాక్టర్ వద్దనకపోతే, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా. మగతగా ఉన్న ముసలాయనకు పడుకోబెట్టి జావ తాగించడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ప్రేమతో పెట్టిన నాలుగు చెంచాలు న్యుమోనియా తెస్తాయి. పూర్తిగా మెలకువగా, కూర్చుని ఉన్నప్పుడే తినిపించాలి.

ముందు వాడిన మందుల సంగతి

జలుబుకూ, గొంతునొప్పికీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకునే అలవాటు దవాఖానాలో చేరాకే బయటపడుతుంది. ఒంట్లో మొండి క్రిములు మిగిలిపోతే మామూలు మందు పనిచేయదు. సరైన మందేదో కల్చర్ రిపోర్ట్ చెప్పేలోగా రెండు మూడు రోజులు పోతాయి. గత మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారో, వేరే దవాఖానాలో ఎన్ని రోజులున్నారో రాసిన కాగితం డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది. పాత చీటీలు పారేయకుండా ఒక కవర్లో పెట్టుకోవాలి.

ఎప్పుడు కేకేయాలి?

ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపుతప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటారు. నిమిషానికి శ్వాస 22 లేదా అంతకన్నా ఎక్కువ, పై బీపీ 100 లేదా తక్కువ, మాటలో, ఎరుకలో తేడా. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే డాక్టర్లు గట్టిగా అనుమానిస్తారు. ఇవి లేనంత మాత్రాన సెప్సిస్ లేదనీ కాదు. మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, వణుకు కూడా చెప్పాల్సినవే. సెప్టిక్ షాక్‌లో సరైన మందు గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సుమారు 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006 నాటి ఒక పెద్ద అధ్యయనం చూపింది. పొద్దున డాక్టర్ వచ్చాక చెప్దాం అనుకునే గంటలు ఇవే.

దాదీ రాత్రికి రాత్రే మనిషిని గుర్తుపట్టకపోవడం వయసు కాదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ వేరేలా ఉంటే, ఆ తేడా నర్సుకన్నా ముందు ఇంటివాళ్లకే తెలుస్తుంది.

ఇయాదత్‌కు వచ్చేవాళ్లు

రోగిని చూసిరావడం మన ఇళ్లలో వదులుకోలేని మర్యాద. అయితే ఒక మంచం చుట్టూ పన్నెండు మంది, వాళ్లలో ఇద్దరికి దగ్గు అంటే, కీమో రోగికో ఆపరేషన్ అయినవారికో అది దుఆతో పాటు క్రిమినీ ఇచ్చినట్టే. జలుబు ఉన్నవాళ్లు ఫోన్‌లో పలకరించినా చాలు. వచ్చినవాళ్లు రోగిని ముట్టుకునే ముందూ, తర్వాతా చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. రోగికి విరేచనాలు అవుతుంటే మాత్రం సబ్బు, నీళ్లే వాడాలి. విరేచనాలు తెచ్చే కొన్ని క్రిములు శానిటైజర్‌కు చావవు.

డిశ్చార్జ్ అయ్యాక కూడా లెక్క నడుస్తుంది. ఆపరేషన్ గాయంలో ఇన్ఫెక్షన్ 30 రోజుల వరకు, లోపల రాడ్డో, కృత్రిమ కీలో వేస్తే 90 రోజుల వరకు కూడా బయటపడవచ్చు. కుట్ల దగ్గర ఎరుపు, వేడి, చీము, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం కనిపిస్తే డిశ్చార్జ్ కాగితం పట్టుకుని, ఆపరేషన్ చేసిన చోటికే తిరిగి పోవాలి.