వెదకుటకు గడువు



కోనసీమలో కొబ్బరితోట కొనబోవువాడు మొదట విచారించు విషయ మొక్కటే: ఆ భూమిపై తనఖా గాని, వేఱొకరి హక్కు గాని కలదా? ముమ్మిడివరము ప్రాంతమువా రీ ప్రశ్నతో సబ్‌రిజిస్ట్రారు కచేరీకి పోవుదురు. సమాధానము దస్తావేజుల పుస్తకములలో నుండును. దానిని వెదకుట కెంతకాలము పట్టును, ఎచ్చట నిలుపవలెను అను సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము స్థిరాస్తి దస్తావేజులకు ఒకటవ పుస్తకమును, దానికి రెండు సూచికలను నిర్ణయించినది. ఒకటవ సూచిక మనుష్యుల పేర్లది, రెండవది ఆస్తులది. గుమాస్తా ప్రతి పుటయు త్రిప్పక సూచికను జూచి దస్తావేజు తీయును. అయినను ముప్పది యేండ్ల సూచికలు చూచుట దినముల పని. కావుననే అర్జీలో ఏ సంవత్సరము మొదలు ఏ సంవత్సరము వఱకు వెదకవలయునో వ్రాయుట, ఆ కాలమునే ధ్రువపత్రముపై చూపుట ఆచారమైనది. ఆ పత్రము "ఏమియు లేదు" అని చెప్పదు. "ఈ యేండ్లలో కనబడలేదు" అని మాత్రమే చెప్పును. ఇందులో గొప్ప నిజాయితీ యున్నది.

1970లో ఐ.బి.యం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ సమాచారమును పట్టికలుగా నుంచు సిద్ధాంతమును ప్రకటించెను. అడుగువాడు తనకేమి కావలయునో చెప్పిన చాలును; ఎట్లు వెదకవలెనో యంత్రమే నిర్ణయించుకొనును. సౌకర్యము గొప్పదే, కాని చిక్కును అందే కలదు. గుమాస్తా ముందున్న సంపుటముల గుట్టను జూచి పనిభారము గ్రహింపవచ్చును. యంత్రమున నది కనబడదు. ఒక్క పంక్తి ప్రశ్నయే లక్షల వరుసలను గాలింపజేయవచ్చును. 1979లో పట్రీషియా సెలింజరు, ఆమె సహచరులు ఏ మార్గమున వెదకిన శ్రమ తక్కువయగునో ముందుగా అంచనా వేయు పద్ధతిని ప్రకటించిరి. అంచనా తప్పినప్పుడు గడువే రక్షణము. 2002లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 7.3 ప్రతి ఆజ్ఞకు కాలపరిమితి విధించు వీలు కల్పించినది. ఇతరుల తాళము విడుటకై వేచియుండు కాలమునకు వేఱొక పరిమితి 2013లో వచ్చినది.

మన రాష్ట్రమున 1998 నవంబరు 4వ తేదీన 'కార్డ్' పథకము ప్రారంభమయ్యెను. రెండు వందలకు పైగా కచేరీలలో దినముల వెదకులాట నిమిషముల పనియయ్యెను.

ఇక గడువు విధించుటలో మెలకువ యేమి? కిటికీ యొద్ద నిలిచినవాడు విసిగి వెడలిపోయెననుకొనుడు. లోపలి గుమాస్తాకు ఆ మాట తెలియనిచో వెదకుచునే యుండును. పోయినవాడు తిరిగివచ్చి మఱల అడిగిన, ఒకే పనికి ఇద్దరు గుమాస్తాలు కూర్చుందురు. కంప్యూటరునందును ఇంతే: తెర ముందటివాడు మానుకొన్నంత మాత్రమున లోపలి సర్వరు మానుకొనదు. కావున సర్వరుకును గడువుండవలెను. అది బయటి గడువుకంటె కొంచెము ముందే ముగియవలెను. మార్పులు చేయు పని నడుమ నిలిచినచో, చేసినదంతయు వెనుకకు తీసి, పట్టిన తాళములు విడువవలెను. గడువు పొడిగించుట కడపటి ఉపాయము. గ్రామము, సర్వే నంబరు, సంవత్సరములు చెప్పి ప్రశ్నను కుదించుట, తగిన సూచిక నేర్పఱచుట, పెద్ద లెక్కలను రద్దీ లేని వేళకు మార్చుట ముందు చేయదగినవి.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి. "వెదకుట ముగియలేదు" అనుట వేఱు, "వెదకితిని, దొరకలేదు" అనుట వేఱు. గడువు తీరి ఆగిన యంత్రము ఖాళీ పట్టిక నిచ్చినచో, కొనుగోలుదారు దానిని నిష్కళంకమైన హక్కుగా నమ్మి తనఖాలోనున్న తోటను కొనును. యంత్రమునకు పోయిన దొక్క నిమిషము. అతనికి పోవునది జీవితకాలపు కష్టార్జితము.

కంప్యూటరున కెక్కించిన వివరములు కూడ 1983 మొదలుకొని యున్నవే. అంతకు పూర్వపు వానికి చేతివ్రాత సంపుటముల కడకు పోవలసివచ్చెను. కావున యంత్రము "లేదు" అన్నప్పుడు మన మడుగవలసిన ప్రశ్న పాతదే: ఎంతవఱకు వెదకి ఆ మాట చెప్పుచున్నావు?