ఓటీపీ మీదే, మరి డబ్బు తీసింది ఎవరు?

ఖాతాలో డబ్బు పోయిందని బ్యాంకుకి వెళ్తే చాలామందికి వినపడే మొదటి మాట: "మీ ఓటీపీతోనే అయింది, మేమేం చేయలేం." ఇందులో సగమే నిజం.

కంప్యూటర్ భద్రత రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆపడం. పిన్, ఓటీపీ, వేలిముద్ర ఇవన్నీ తాళాలు. రెండోది రాసి పెట్టడం. ఏ ఖాతా, ఏ ఫోన్, ఎన్ని గంటలకు అన్నది లాగ్‌లో పడుతుంది. బీకాంలో ఆడిటింగ్ చదివినవాళ్లకి ఇది కొత్త కాదు, వోచర్ మీద సంతకం లాంటిదే. కాకపోతే లాగ్‌కి తెలిసేది తాళం చెవి వరకే, చెయ్యి ఎవరిదో తెలీదు. మీ నంబర్ మీద ఇంకొకడు కొత్త సిమ్ తీసుకుని ఓటీపీ కొట్టినా అది సరైన ఓటీపీయే. సిమ్ ఎప్పుడు మారిందో టెలికాం కంపెనీ రికార్డులో ఉంటుంది, అదీ తెప్పించాలి.

ఇక్కడే 2017 జూలై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ పనికొస్తుంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకే. లోపం బ్యాంకుదైతే నష్టమంతా దానిదే. తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లో చెప్పినవాళ్లకి నష్టం సున్నా. 4 నుంచి 7 రోజులైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది మీది, ఆ తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు నంబర్, టైము రాసి పెట్టుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు.

పోలీసు దారి వేరు. 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆలస్యం చేస్తే ఆధారమే పోవచ్చు: 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లు దాచాల్సింది 180 రోజులే. కోర్టులో ఒట్టి ప్రింటవుట్ చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. మెసేజ్‌లు వచ్చిన ఫోన్‌ని రీసెట్ చేయకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి.

అసలు భయపడాల్సింది ఇంకోటి ఉంది. "నీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అంటే కుర్రాళ్లు ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తున్నారు. మోసం డబ్బు ఆ ఖాతాలో పడితే లాగ్‌లో కనపడేది మన పిల్లాడి పేరే, పోలీసులు ముందు వచ్చేదీ మన ఇంటికే. నాకు తెలీదు అన్న మాట తర్వాత రుజువు చేసుకోవాలి.

ఏ తప్పూ లేకుండా, గిరాకీ క్యూఆర్‌తో కట్టిన డబ్బు వల్ల దుకాణం ఖాతా ఫ్రీజ్ అయినవాళ్లూ ఉన్నారు. అలా అయితే ఏ స్టేషన్ అడిగితే ఆపారో బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి. ఆ అమ్మకం బిల్లు, ఖాతా స్టేట్‌మెంట్ ఆ స్టేషన్‌కే పంపి, కాపీ బ్యాంకులో ఇచ్చి రసీదు తీసుకోండి.